మా పాప చెవులు కుట్టిన రోజు

మూడో ఏడు నిండినా మా పాపకు చెవులు కుట్టించలేదు. ఆడపిల్లకు బోడి చెవులేమిటని చుట్టాలంతా నన్నే అడిగేవారు. నలుగురిలో నాకు మాట పెగలదు. చెప్పబోయినా ఎక్కడ మొదలుపెట్టాలి? ఒంటిని కాపాడే కణాలు కొన్ని వేళకు చనిపోకుండా పేరుకుపోతే మెడలో, చంకల్లో బిళ్ళలు కడతాయి. రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లూ పాడైపోతాయి. పాపది కాన్సర్ కాదు, ఈ అరుదైన జబ్బే అన్నారు డాక్టర్లు. ఒకసారి పాప పడి పెదవి చిట్లితే, పరవాడలో డ్యూటీలో ఉన్న మా ఆయన వచ్చేదాకా చీర కొంగు అదిమిపెట్టి కూర్చున్నాను.

మందు మార్చాక మెడలో బిళ్ళలు కరిగాయి, ప్లేట్‌లెట్లూ పెరిగాయి. ఈ వేసవిలో డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇక చెవులు కుట్టించవచ్చు. బయట మాత్రం వద్దు, ఇక్కడే," అంది.

ఆ రోజు యారాడ నుంచి మా అత్తమ్మ బెల్లం, కొబ్బరి ముక్కలు మూటగట్టుకుని ఆసుపత్రికే వచ్చేసింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టందే కుట్టడానికి లేదంది. నర్సు నవ్వి సరేనంది. సూది చూడగానే, పాపను ఒళ్ళో పెట్టుకున్న మా తమ్ముడి ముఖం పాలిపోయింది.

"ఏటిరా, సెవులు దానికా, నీకా?" అంది అత్తమ్మ.

"నువ్వూరుకో అత్తా. నాను సూడ్లేను," అని వాడు కళ్ళు మూసుకున్నాడు.

పాప కేకకు అందరం అదిరిపడ్డాం. చెవితమ్మె మీద ఎర్రగా ఒక బొట్టు. నర్సు దూదితో అదిమి, తీసి చూసింది. మళ్ళీ ఊరింది. నాకు చీర కొంగంతా తడిసిన ఆనాటి సాయంత్రమే కళ్ళ ముందు. నర్సు మళ్ళీ అదిమింది. ఈసారి దూది తీసి, నాకు కనిపించేలా పక్కకు జరిగింది.

బొట్టు లేదు.

రెండో చెవి కుట్టేటప్పుడు నేను ఊపిరి బిగపట్టలేదు.

"మామా, అయిపోయింది. కల్లు తెరు," అంది పాప వెక్కుతూనే.

అత్తమ్మ బయట వరసలో కూర్చున్నవాళ్ళందరికీ బెల్లం పంచింది. "మా మనవరాలికి సెవులు కుట్టేరు, తినండమ్మా!"

మందు ఇంకా వేస్తూనే ఉండాలి, రక్తపరీక్షలూ తప్పవు. కానీ మర్నాడు పొద్దున్నే పాప దిండు తిరగేసి చూశాను. ఒక్క మరకైనా లేదు. వెనకే వచ్చిన అత్తమ్మకు చూపించాను.

"ఇందాకే సూసేన్లే," అంది. "జూకాలు ఎప్పుడెట్టొచ్చో డాక్టరమ్మనడిగేవా?"