షానన్‌లో మా రష్యన్ టీచరు

ఉదయం ఎనిమిదింటికి మా అమ్మాయి వాళ్ళుండే క్లోనీలో సిటీ బస్సెక్కాను. డబ్లిన్‌లో దిగి షానన్ బస్సు పట్టుకోవాలి. అమ్మాయి పులిహోర కట్టిచ్చింది. షానన్‌లో మా రష్యన్ టీచరు ఒక్సానా గారున్నారు. యుద్ధంలో ఇల్లు కూలిపోయి ఐర్లండ్ వచ్చారని పాత క్లాస్‌మేట్ చెబితే, అమ్మాయే ఆవిడకి మెసేజ్ పెట్టి టైము ఖాయం చేసింది.

నలభై ఏళ్ళ క్రితం అమెరికా, సోవియట్ యూనియన్ పోటీలు పడి మన పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇచ్చేవి. మనల్ని తమవైపు తిప్పుకోవాలని వాళ్ళ ఆశ. బెజవాడ కుర్రాడికి ఆ గొడవెందుకు? ముందు పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళాను. సోవియట్ వాళ్ళ ఖార్కోవ్‌లో తొలి ఏడాదంతా రష్యన్ భాషే. దాన్ని నా నోట పలికించింది ఆవిడే. చచ్చేలోగా ఒక్కసారి ఆవిడతో ఆ భాషలో మాట్లాడాలనే ఈ ప్రయాణం.

బస్సులో రష్యన్ మాటలు గొణుక్కుంటుంటే పక్కసీటు అమ్మాయి నవ్వింది. గుంటూరు పిల్ల, లిమరిక్‌లో నర్సు.

"ప్రార్థన చేసుకుంటున్నారా అంకుల్?"

"కాదమ్మా, పాఠం అప్పజెప్పుకుంటున్నా."

లిమరిక్‌లో లేస్తూ, "దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పండంకుల్, ఇక్కడందరూ చెప్తారు," అంది.

షానన్ స్టాపులో టీచర్ గారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. జుట్టంతా తెల్లబడింది. బట్టీపట్టినదంతా గడగడా ఒప్పజెప్పాను. ఒక్క తప్పూ దొర్లలేదు. ఆవిడ మొహం మాత్రం వాడిపోయింది.

"నో రష్యన్. ప్లీజ్," అన్నారు. నేను ఖార్కోవ్ అంటే, "ఖార్కివ్," అని దిద్దారు.

కాఫీ షాపులో కూర్చున్నాం. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలే. "హౌస్... రష్యన్ బాంబ్... గాన్," అని ఆగిపోయారు. రష్యన్‌లో అయితే ఓదార్చగలిగేవాణ్ణి. ఏం చెయ్యను? పులిహోర డబ్బా మూత తీసి ముందు పెట్టాను.

ఒక చెంచా తిని, "బాగుంది," అన్నారు తెలుగులో. హాస్టల్లో మేం నేర్పిన మాట, ఇన్నాళ్ళూ గుర్తుంచుకున్నారు. మీ సొంత భాషలో థాంక్స్ ఏమంటారని అప్పుడడిగాను.

"ద్యాకుయు."

ఎన్నిసార్లన్నా నాకు నోరు తిరగలేదు. ఆవిడ ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ పలికారు. ఇంతలో నాలుగింటి బస్సు వచ్చేసింది.

తిరుగు దారంతా అదే మాట గొణుక్కున్నాను. ఆవిడ ఊళ్ళో అయిదేళ్ళున్నాను. ఆవిడకి ఇంట్లో వేరే భాష ఉందని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ స్కాలర్‌షిప్పులో నేను పోగొట్టుకున్నది అదేననిపించి బాధేసింది.

డబ్లిన్‌లో దిగుతూ డ్రైవర్‌తో, "ద్యాకుయు," అన్నాను.

"గ్రాండ్," అన్నాడతను. ఇక్కడ సరేననడానికి అదే మాట.

ఈసారి ద్యాకుయు నా నోట సరిగ్గానే పలికింది. వినవలసినావిడ షానన్‌లో ఉండిపోయారు.