గుమ్మానికి కట్టిన వలముక్క

గిలకలదిండి రేవులో పున్నయ్య బాగుచేసిన వలకు వంక పెట్టినవాడు లేడు. ముప్పయ్యేళ్ళుగా అతను అల్లిన వలకన్నేదో, పాత కన్నేదో బోటు యజమానులే పోల్చుకోలేరు. చుక్క ముట్టని మనిషి. అయినా నిరుడు పొట్ట ఉబ్బి ఒళ్ళు పచ్చబడినప్పుడు రేవంతా ఒకటే మాట అంది: తాగుడు. ఎప్పుడో ఒంట్లో చేరిన కామెర్ల వైరస్ కాలేయాన్ని గట్టిపరిచిందని రక్తపరీక్ష తేల్చాక కూడా, అన్న మాటను ఒక్కరూ వెనక్కి తీసుకోలేదు. అది అతని భార్య వీరదుర్గకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

డాక్టరు సువర్ణ గారు ఆమెకు మూడు పనులు అప్పగించారు. రోజూ పొద్దున్నే బరువు చూడాలి. పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలవాలి. కాలేయం వడపోయలేని విషం మెదడుకెక్కితే ముందు చేతిరాత చెదురుతుంది కనుక, సంతకం పెట్టించి చూడాలి.

"ఆయనది వేలిముద్రేనండీ," అంది వీరదుర్గ.

"మరి చేత్తో రోజూ ఏం చేస్తాడమ్మా?"

"వల కుడతాడు."

"అయితే అదే చేయించు."

గుమ్మానికి ఒక వలముక్క వేలాడింది. రోజుకు పది కళ్ళు. ఏడు నెలలపాటు అన్నీ అచ్చుపోసినట్టు వచ్చాయి.

ఎనిమిదో నెల మొదటి వారంలోనూ అలాగే వచ్చాయి. కానీ పున్నయ్య పట్టపగలు కునుకుతున్నాడు. డాక్టరు మాన్పించారని కూరలో ఉప్పు వేయవద్దని తనే చెప్పి, వేయలేదేమని తనే కసురుతున్నాడు. మూడో రోజు గుమ్మం ఊడుస్తుంటే వీరదుర్గ చీపురుకు గుప్పెడు దారపు ముక్కలు తగిలాయి. కొత్త దారం. ముళ్ళతో సహా కోసినవి.

"ఏంటయ్యా ఇవి?"

"వంకర పోయాయే. కోసి మళ్ళీ అల్లాను."

"ఎన్నిసార్లు?"

అతను వేళ్ళు లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేశాడు. "వంకర కన్ను గుమ్మానికి వేలాడితే పున్నయ్య పనైపోయిందనరూ?"

రోగం తన గుర్తు తను పెట్టి పోతుంటే, పనితనం మీది అభిమానంతో ఈ మనిషి దాన్ని చెరిపేస్తున్నాడు. ఆమె వలముక్కనూ దారాలనూ సంచిలో వేసుకుని, అతన్ని ఆటో ఎక్కించింది.

ఆసుపత్రిలో సువర్ణ గారు లేరు. రేవు నుంచి తూలుతూ వచ్చినవాడికి పరీక్షకన్నా ముందే తీర్పు సిద్ధంగా ఉంటుంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు తల ఎత్తకుండానే, "ఎంత తాగాడు?" అంటూ చీటీ మీద తాగుడని రాసేశాడు.

"రాసింది కొట్టెయ్యండి బాబూ." వీరదుర్గ సంచిని బల్ల మీద గుమ్మరించింది. "కాలేయం జబ్బు మనిషి. వల కుట్టడంలో ఇవి మూడు రోజుల తప్పులు. తాగినోడు తన తప్పులు కోసుకుంటూ కూర్చుంటాడా?"

అతను దారాలను చూశాడు. పున్నయ్యను చేతులు చాపమన్నాడు. చాచిన అరచేతులు పక్షి రెక్కల్లా కొట్టుకున్నాయి; కాలేయపు విషం మెదడుకెక్కినప్పుడు కనిపించే గుర్తు అది. డాక్టరు రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, నర్సును పిలిచాడు.

విషం బయటికి పోయేలా విరేచనమయ్యే సిరప్‌తో నాలుగో రోజుకు మనిషి తేటపడ్డాడు. ఇంటికొచ్చాక వీరదుర్గ ఒకటే షరతు పెట్టింది: తప్పు పోయిన కన్ను కొయ్యకూడదు. ఉప్పు మానడంకన్నా అదే అతనికి కష్టమైంది.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం గుమ్మం దగ్గర నుంచి కేక వినిపించింది.

"దుర్గా, ఇటు రా. ఏడో కన్ను జారింది."

ఆమె పరుగున వచ్చి ముందు నేల చూసింది. దారపు ముక్క ఒక్కటీ లేదు.

"ముట్టుకోలేదుగా?"

"చూసుకో," అన్నాడు పున్నయ్య, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని.

వీరదుర్గ వలముక్కను గుమ్మం నుంచి విప్పి సంచిలో పెట్టుకుంది.