బాప్తిస్మం తొట్టిలో పసుపుగీతలు

మా పక్కింటి పంతులమ్మగారు పోయారు. మొన్న పొద్దున స్కూలుకి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడ్డారు. నేను పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. కేక విని పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. సమాధి దగ్గర అందరూ ఆవిడ మంచితనం గురించే మాట్లాడారు. నేనూ ఏడ్చాను. కానీ దాచడమెందుకు, ఆవిడంటే నాకు మొదటినుంచీ కుళ్లే.

ఏం చెయ్యను మరి? అప్పట్లో మా వీధి మొత్తానికి టీవీ మా ఇంట్లోనే ఉండేది. అయినా పిల్లలు వెళ్లి ఆవిడ అరుగుమీదే కూర్చునేవాళ్లు. మా ఆయన పత్తి రైతు. నా కూర బాగుందని ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. అలాంటి మనిషి ఆవిడ పంపిన గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకునేవాడు. ఒళ్లు మండిపోయేది.

అసలు పోటీ మాత్రం చేపల దగ్గరొచ్చింది. మా చెరువులో వేలెడంత చేప ఒకటుంది, ఒంటిమీద పసుపు గీతతో. అది ఇంకే చెరువులోనూ లేదని, మా చెరువు ఎండితే లోకంలోనే ఉండదని కాలేజీ మేష్టారొకాయన వచ్చి చెప్పి వెళ్లాడు. ఆ మరుసటి వేసవికే చెరువు ఎండి నడుమ బురదగుంట మాత్రం మిగిలింది. పంతులమ్మగారు కుచ్చెళ్లు దోపుకుని దిగారు. ఆవిడ దిగాక నేనెందుకు ఊరుకుంటాను? నేనూ దిగాను. దొరికినవి చెరిసగం తెచ్చుకున్నాం.

"ఎవరివి బతుకుతాయో చూద్దాం" అన్నాను.

"రెండిళ్లలోనూ బతకాలనుకుందాం వదినగారూ" అన్నారావిడ. ఆ మాటకి ఇంకా మంట.

గెలవాలని నేను చెయ్యని సేవ లేదు. పత్తికి కొట్టే పురుగుమందు వచ్చిన పెద్ద డ్రమ్ము మా పెరట్లో ఉంది. ఊళ్లో అందరం వాడకం నీళ్లు వాటిల్లోనే పట్టేవాళ్లం. దాన్ని చింతపండు, బూడిద వేసి అద్దంలా తోమి, బోరు నీళ్లు నింపి చేపల్ని వదిలాను. తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. నా ముక్కుకి తెలియని మందు వాటికి తెలిసింది.

ఆవిడేమో చర్చి వెనక బాప్తిస్మం ఇచ్చే సిమెంటు తొట్టిలో వదిలారు. చెరువు బురద, నాచు, పచ్చటి నీళ్లు, అన్నీ అందులోనే. సంఘ పెద్దలు మండిపడ్డారు.

"ఇదేం పని పంతులమ్మగారూ? ఈ ఆదివారం బాప్తిస్మాలున్నాయి. తొట్టి ఖాళీ చేయించండి."

"వానలు పడనివ్వండయ్యా. మారుమనసు పొందినవాళ్లు నాలుగు వారాలు ఆగగలరు. చేపలు ఆగలేవు."

"పోనీ, ఆ నాచైనా కడిగించండి!"

"నీళ్లని వాటి మానాన వదిలెయ్యాలండీ. మనకి శుభ్రం వేరు, వాటికి శుభ్రం వేరు."

నాలుగు చీవాట్లు పెడతారని గోడపక్కన నిలబడి ఆశగా విన్నాను. పెట్టలేదు. బాప్తిస్మాలే వాయిదా వేసుకుని వెళ్లిపోయారు!

వానలొచ్చాయి, చెరువు నిండింది. చేపల్ని బిందెల్లో తీసుకెళ్లి వదిలే రోజు ఊరంతా కట్టమీదే ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇవి మా ఇద్దరి చేపలండీ" అన్నారు అందరితో. నా డ్రమ్ము సంగతి తెలియనివాళ్లు లేరు. అయినా ఒక్కరూ నవ్వలేదు. మంచితనంలోనూ నన్ను ఓడించేసింది మహాతల్లి. ఎంత ఉక్రోషం వచ్చిందో! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆవిడ నన్ను చూసి కుళ్లుకుంటే చూడాలనుకున్నాను.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక చెరువుకెళ్లాను. మోకాళ్లదాకా దిగి మరమరాలు చల్లాను. అలికిడైతే పారిపోయే చేపలవి. ఆ తర్వాత అన్నేళ్లూ కట్టకొచ్చి మరమరాలు చల్లిన ఆవిడ దగ్గరికే ఏనాడూ రాలేదు. నిన్న వచ్చాయి. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత గుంపు. నా కాళ్ల చుట్టూ తిరుగుతూ మడమలు కొరికాయి.

"చూశారా పంతులమ్మగారూ! మీ దగ్గరికి రానివి నా దగ్గరికొచ్చాయి!" అని అరుస్తూ కట్టవైపు తిరిగాను.

కట్టమీద ఎవరూ లేరు. గుప్పిట్లో మిగిలిన మరమరాలు చెమటకి మెత్తబడిపోయేదాకా నీళ్లలోనే నిలబడ్డాను.