ఇప్పొద్దన్న చక్రం

టేకులపల్లిలో బస్సు కోసం కూసున్నప్పుడు, నా పక్కన ఒక పెద్దాయన సైకిల్ ముందు చక్రాన్ని ఒళ్లో పెట్టుకొని ఉన్నడు. స్పోకులు బిగిపిచ్చుకొని వస్తున్నడట. చక్రం నడిమిట్ల అరచెయ్యంత ఇనుప డబ్బా. పాతకాలపు డైనమో అందులోనే ఉంటది. చక్రం తిరిగితే చాలు, లైటు వెలుగుతది. సంచిలకెల్లి లైటు తీసి, వైర్లు కలిపి, చేత్తో తిప్పి చూపిచ్చిండు. పట్టపగలే బల్బు తెల్లగ వెలిగింది.

"మాది అడవి దారి సార్. గీ లైటు జూస్తె ఎలుగుబంటి గూడ తప్పుకుంటది."

తిప్పుతుంటే లోపల గరగరమని చప్పుడొచ్చింది. మోటార్లు రిపేరు చేసేటోణ్ని, ఊకుండలేకపోయిన. నా సంచిలకెల్లి పానా, స్క్రూడ్రైవరు తీసిన.

"ఇప్పొద్దు సార్. మా నాయిన దీన్ని ఎన్నడు ఇప్పొద్దని చెప్పిండు."

"ఇరవై ఏండ్ల సంది ఇదే నా పని, పెద్దాయనా" అని నవ్విన. వద్దు వద్దంటుంటేనే డబ్బా ఇప్పి, లోపలి అయస్కాంతాన్ని బయటికి లాగి, తుడిచి, మళ్ల బిగిచ్చిన.

గట్ల బయటికి లాగితే అయస్కాంతం బలం అప్పటికప్పుడే పోతదట. ఏడాది తర్వాత ఒక ముసలి సైకిల్ మిస్త్రీ చెప్పిండు. పోయి తప్పు ఒప్పుకుందామన్నా, ఆ పెద్దాయన ఊరు గూడ అడగలే నేను.

ఆ రోజు చప్పుడైతే పోయింది. చక్రం తిప్పితే బల్బు ఎర్రగ, ఆరిపోయే నిప్పు లెక్క మినుకుమన్నది. నా మొహం జూసి ఆయనే సర్దిచెప్పిండు.

"పగలు గద సార్, గట్లనే కనబడుతది."

"అవ్, పగలు గద" అన్న.