ఏలూరు హాల్లో నా వన్స్‌మోర్

నాకు కళాహృదయం ఉందని మా ఆవిడ కూడా ఒప్పుకుంటుంది, కాకపోతే అది ఉల్లిపాయల బస్తాల అడుగున ఎక్కడో పడిపోయిందనీ, ఇప్పుడు పైకి తీస్తే కంపు కొడుతుందనీ అంటుంది. ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసి, తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలమ్ముకుంటూ ముసలివాణ్ణయిన నాకు అంతకంటే మంచి సర్టిఫికెట్ ఎవరిస్తారు చెప్పండి! మొన్న ఏలూరులో మా మేనకోడలి శిష్యురాళ్ల కూచిపూడి ప్రదర్శనకి వెళ్లి ముందు వరసలో కూర్చున్నానో లేదో, ప్రదర్శన మధ్యలో దయచేసి ఎవరూ కేకలు వేయవద్దని మైకులో చెప్పారు. చెప్పింది హాలంతటికీ అయినా, మెలిపడింది మాత్రం నా చెవే.

ఆ మేనకోడలు, అంటే మా అక్క కూతురు, ఏళ్ల కిందట మొదటిసారి ఒంటరిగా ఆడింది కూడా ఆ హాల్లోనే. ఆ రోజు మార్కెట్లోని నా జట్టునంతా వ్యానులో కుక్కి, పెళ్లికి తరలినట్టు తీసుకెళ్లాను. నాట్యం గురించి మాకెవరికీ ఓనమాలు రావు. ఆ వేళ్లు పువ్వా, పామా అని నేను పక్కవాణ్ణి అడుగుదామనుకునేలోపు వాడే నన్నడిగాడు. మాకు తెలిసిందల్లా తిరునాళ్లలో పద్యనాటకం. మీరూ చూసే ఉంటారు, అక్కడ పద్యం బాగుంటే వన్స్‌మోర్ అని అరవడమే మర్యాద, అరవకపోతే పాడినాయన చిన్నబుచ్చుకుంటాడు. యుద్ధంలో చచ్చిపడినవాడు సైతం లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు.

చివర్లో మా పిల్ల నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, ఆ పళ్లేన్ని పాదాలతోనే నడిపిస్తూ వేదికంతా తిరిగొచ్చింది. చుక్క నీరు తొణకలేదు. నేను ఉండబట్టలేక లేచి నిలబడి వన్స్‌మోర్ అని అరిచాను, వెనకాల వ్యాను మొత్తం అందుకుంది. వారం కిందటే ఆ పిల్లకి చీలమండ బెణికిందనీ, ఆ ఒక్కసారికే గురువుగారు ఎంతో బతిమాలించుకుని ఒప్పుకున్నారనీ నాకెవరూ చెప్పలేదు. ఆయన వద్దని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. పిల్ల ఆయన వంక చూసి, నా వంక చూసి, నలుగురిలో మేనమామ మాట తీసేయలేక మళ్లీ పళ్లెం ఎక్కింది.

సగం దూరంలో కాలు జారింది. చెంబు దొర్లుకుంటూ వేదిక అంచుకొచ్చి ఆగింది, నీళ్లు నా చెప్పుల మీద పడ్డాయి. అప్పుడైనా నోరు మూసుకోవద్దూ! పుట్టుకతో వచ్చిన తెగులు, నా ప్రమేయం లేకుండానే అనేసింది: "లేవండ్రోయ్, కొల్లేరు పొంగింది!" వ్యాను వాళ్లు నవ్వారు. హాలు నవ్వలేదు. ఆ నవ్వు వింటూనే పిల్ల కింద తడిలో నిలబడి, ఒక కాలు ఈడ్చుకుంటూ, మృదంగం వెంట మిగతా అడుగులన్నీ వేసి దణ్ణం పెట్టింది. నేను తల ఎత్తలేదు.

ఇప్పుడు వన్స్‌మోర్ అనేవాళ్లూ లేరు, అంటే లేచి పాడేవాళ్లూ లేరు. అందరూ ఫోన్లు పైకెత్తి, ఎదురుగా ఉన్న మనిషిని అందులో చూసుకుంటూ బుద్ధిగా కూర్చుంటున్నారు. మొన్న ఒక చిన్నది పళ్లెం మీద తిరుగుతుంటే నాకు ఆ కేక గొంతుదాకా వచ్చింది, కండువా అడ్డం పెట్టుకుని మింగేశాను. నిజానికి నన్ను ఇన్నేళ్లుగా తల దించుకునేలా చేస్తున్నది ఆ కేక కాదు. ఆ రోజు తెర వెనక ఐసు నీళ్ల బకెట్లో కాలు పెట్టుకుని కూర్చున్న పిల్ల దగ్గరికెళ్లి, తెలియక అరిచానమ్మా అని గొణిగితే, కాటుక కరిగిన కళ్లతో నన్ను ఎగాదిగా చూసి అంది:

"అరిచినందుకేం లేదు మావయ్యా, మీరు అడిగారు, నేను ఎక్కాను. మరి మీ జోకుకి వన్స్‌మోర్ అని ఒక్కరైనా అన్నారాండీ?"