గోడ అవతల నా చుట్టాలు

ఛత్తీస్‌గఢ్‌లోని గుఢియారీలో ఈ అద్దె గదికి వచ్చి ఏడాది కావస్తోంది. డ్యూటీ నుంచి రాగానే తెలుగు సీరియల్ పెట్టేస్తాను. చూసేదేమీ ఉండదు. ఆసుపత్రిలో రోజంతా హిందీ మాట్లాడి వచ్చాక, అన్నం వండుకునేటప్పుడు గదిలో మన భాష వినిపించాలి, అంతే.

ఈ రోజు సెట్‌టాప్ బాక్సు పాడైంది. గదంతా నిశ్శబ్దం. ఏమీ తోచక కూర్చుంటే తలుపు చప్పుడైంది. పక్కింటి ఛత్తీస్‌గఢీ పెద్దావిడ, చేతిలో గిన్నెతో. మెట్ల మీద ఎదురైతే నవ్వడమే తప్ప ఇన్నాళ్లూ ఆవిడ నా గుమ్మం తొక్కలేదు.

"మీ వాళ్లంతా వెళ్లిపోయారా బేటీ?" అంది హిందీలో.

"ఎవరాంటీ?"

"అదే, రోజూ అరిచే మీ అత్తగారు, ఏడ్చే ఆ పిల్ల... ఇంటినిండా చుట్టాలున్నారు కదా, మధ్యలో నేనెందుకని రాలేదు. ఇవాళ చప్పుడు లేదు. ఒక్కదానివే అయిపోయావేమోనని ఫరా చేసి తెచ్చాను."

నేను మూగబోయిన టీవీని చూపించాను. ఆవిడకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఇన్నాళ్లూ ఎవరూ లేరా?" అంది.

ఆవిరి మీద ఉడికించిన ఆ బియ్యప్పిండి ఫరా ఇద్దరం కలిసి తిన్నాం. వెళ్తూ, "రేపు బాక్సు బాగుచేయించు. ఆ అత్తగారి సంగతేమిటో నేనూ వచ్చి చూస్తా" అంది.

మీ టీవీని కూడా పక్కింటివాళ్లు మీ చుట్టాలనుకుంటున్నారేమో. ఒక్క పూట ఆపి చూడండి. ఎవరొచ్చారో నాకూ చెప్పండి.