అగ్గిపెట్టెలో పడవ

నా చిన్నప్పుడు, అంటే ప్రపంచాన్ని కాపాడే బాధ్యత నాదేనని నమ్మిన ఎనిమిదేళ్ల వయసులో, బాన్సువాడ పక్కన మా వరి మడిలో వందల పడవలు తేలుతుండేవి. బొటనవేలి గోరంత పచ్చని పడవలు. ఒక చిన్న పురుగు వరి ఆకు కొస కత్తిరించి, గొట్టంలా చుట్టుకుని, అందులోనే కాపురముంటూ నీళ్ల మీద తిరుగుతుంది. పెద్దదయ్యాక తెల్ల రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో గాలికి ఆ పడవలు కదులుతుంటే, మడి మొత్తం నిద్రలో ఎటో వెళ్తున్నట్టుండేది. మా తాతయ్యకు మాత్రం పంట వెళ్లిపోతున్నట్టుండేది.

ఆ రోజు తాతయ్యా, పక్క మడి చాచా చెరో గట్టున తాడు పట్టుకుని పైరు మీదుగా లాగారు. ఆకులకు పట్టుకున్న గొట్టాలన్నీ నీళ్లలో రాలాయి. ఇక మడి నీళ్లు తీసేయడమే మిగిలింది. అవన్నీ మునిగిపోతున్నాయని నాకు ఒకటే దిగులు. ఒక్కదాన్నైనా బతికిద్దామని తీసి, గౌను కొసతో శుభ్రంగా తుడిచి, ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టాను. రెండు అన్నం మెతుకులు కూడా వేశాను, అతిథి కదా.

సాయంత్రానికి గొట్టం ఎండి ముడుచుకుపోయింది. లోపలి పురుగులో కదలిక లేదు. ఏడుస్తూ చాచా దగ్గరికి పరుగెత్తాను. తాతయ్య దగ్గరికైతే, ఆయన సంతోషిస్తాడేమోనని భయం.

చాచా పెట్టె తెరిచి చూశాడు, నవ్వలేదు.

"మునుగుతున్నదని తీసినవా బిడ్డా? గది నీళ్లల్లనే ఊపిరి తీసుకుంటది. మేం మడి ఎండవెట్టి సంపుతం. నువ్వు పెట్టెల వెట్టి గదే చేసినవ్."

నా ముఖం చూసి ఫికర్ చేయొద్దన్నాడు. తన చాయ్ గ్లాసు కడిగి, కాలువ నీళ్లు పోసి, నాలుగు వరి పరకలు నిలబెట్టి, పురుగును అందులో వదిలాడు. ఇద్దరం గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నాం. పొద్దుగుంకే వేళకు గొట్టంలోంచి ఆవగింజంత తల బయటికొచ్చింది. నాకు కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఆకు తినడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లకు గ్లాసు అంచున తెల్లటి రెక్కలు కనిపించాయి. చాచాకు చూపించాను.

"నా మడిల ఇడువకు. మీ తాత మడిల అసలే ఇడువకు" అని, తన పని మానుకుని, కాలువ అవతల ఎవరూ సాగు చేయని, తుంగ మొలిచిన పడావు నేల దాకా నాతో నడిచాడు. అది నీళ్లకు జానెడు ఎత్తున, దారి గుర్తు తెచ్చుకుంటున్నట్టు వంకరటింకరగా ఎగిరి, తుంగలో కలిసిపోయింది.

ఇప్పటికీ ఎవరైనా మునిగిపోతున్నట్టు కనిపిస్తే, చెయ్యి పట్టి లాగే ముందు ఆగి ఒక మాట అడుగుతాను. మా ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకం అంటారు. వాళ్లెవరూ ఆ అగ్గిపెట్టె తెరిచి చూడలేదు కదా.